మా బడిలో ఉన్న ఒకే ఒక్క వైవిధ్యం

మా గుమ్మిడివలస హైస్కూల్లో వైవిధ్యం లేదన్న సంగతి పోయిన జూలై దాకా మాకు తెలియదు. గోడలు కారుతున్నాయని తెలుసు. సైన్సు గదికి తాళం ఉంది గాని తాళంచెవి లేదని తెలుసు. వైవిధ్యం లేకపోవడం కూడా ఒక లోపమేనని మాత్రం పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

భిన్న సంస్కృతుల నుంచి వచ్చే పిల్లలతో మెలగడం హైస్కూలు ఉపాధ్యాయులకు చేతకావడం లేదు గనుక వారందరికీ తక్షణం శిక్షణ ఇవ్వవలెనని ఆ ఉత్తర్వు. శిక్షణ పొందిన ప్రతి బడీ తన దగ్గరున్న 'వైవిధ్య విద్యార్థుల' విషయంలో ప్రగతి చూపించాలి. చూపించిన బడికి 'ఆదర్శ వైవిధ్య పాఠశాల' అని బోర్డు ఇస్తారు. చూపించని బడి హెడ్మాస్టరుకు మళ్ళీ మొదటినుంచి శిక్షణ ఇస్తారు. ఈ చివరి వాక్యం చదివి మా హెడ్మాస్టరు పొట్నూరు సూర్యారావు గారికి ముచ్చెమటలు పోశాయి.

అందరం జిల్లా కేంద్రానికి వెళ్ళాం. శిక్షణ ఇచ్చింది సుధీంద్ర గారని, సాంస్కృతిక సున్నితత్వ నిపుణులు. ఆయన మాట్లాడే తెలుగు వింటే ఉత్తర్వుకే కాళ్ళూ చేతులూ వచ్చి నిలబడ్డట్టు ఉండేది. ముందుగా మా మధ్య బంధం ఏర్పడాలని ఒక దారపు ఉండ ఇచ్చి ఒకరి మీదికి ఒకరు విసురుకోమన్నారు. బంధం ఎంత గట్టిగా ఏర్పడిందంటే టీ వచ్చినా ఎవరూ లేవలేకపోయారు. చివరికి డ్రిల్లు మాస్టారు దారం పళ్ళతో కొరికి మమ్మల్ని విడిపించాడు.

తరవాత పాత్రాభినయం. మా లెక్కల మాస్టారు బంగార్రాజు గారికి 'కొండ ప్రాంతపు బాలిక' వేషం పడింది. ఆయన తలమీద తువ్వాలు వేసుకుని, సిగ్గుపడుతూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. సుధీంద్ర గారు పెదవి విరిచి, "మీలో బాలిక కనిపించుట లేదు" అన్నారు.

"పక్కనే గిరిజన బాలికల హాస్టలుంది కదండీ, నిజం పిల్లనే ఒకరిని పిలుద్దామా?" అన్నాను నేను.

"నిజమైన పిల్లలతో శిక్షణ ప్రారంభించుట అత్యంత ప్రమాదకరం" అన్నారాయన. హాలంతా నాకేసి జాలిగా చూసింది.

శిక్షణ సారం మూడు మాటలు. వైవిధ్యాన్ని గుర్తించాలి, గౌరవించాలి, పరిరక్షించాలి. అవి చార్టు మీద రాసి, రంగులు దిద్ది, చుట్టూ పువ్వులు కూడా వేశాం. మూడో మాట మా నెత్తికి చుట్టుకుంటుందని అప్పుడు తెలియలేదు.

తిరిగొచ్చాక సూర్యారావు గారికి అసలు బెంగ పట్టుకుంది. గౌరవించడానికీ పరిరక్షించడానికీ ఆయన సిద్ధమే. గుర్తించడానికే ఎవరూ లేరు. కొండవాళ్ళ పిల్లలకు వేరే బళ్ళున్నాయి. ఇటుక బట్టీల వాళ్ళు వానాకాలం రాగానే ఒడిశా వెళ్ళిపోయారు. ఆయన క్లాసు క్లాసుకూ తిరిగి, పిల్లల మొహాల్లోకి తేరిపార చూసి, ఉసూరుమంటూ ఆఫీసు గదికి వచ్చి కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడే గ్రౌండులోంచి ఒక రాగం లేచింది. పదో తరగతి పబిత్ర నాటకం పద్యం సాధన చేస్తోంది. చెవిదగ్గర చెయ్యి పెట్టుకుని ఆ పిల్ల రాగం తీసిందంటే సైకిళ్ళ మీద పోయేవాళ్ళు కూడా కాలు కింద పెట్టి ఆగుతారు. నేను తెలుగు పండితుణ్ణి. జిల్లా పద్యాల పోటీ మీద మా బడి ఆశలన్నీ ఆ గొంతు మీదే పెట్టుకున్నాను. కిందటేడు జిల్లాలో పాడేరోజుకి ఆ గొంతు బొంగురుపోయింది. రాజులవలస నుంచి వచ్చిన గొర్లె ఢిల్లేశ్వర్రావు అనే కుర్రాడు మొదటి బహుమతి ఎగరేసుకుపోయాడు. వాణ్ణి ఓడించడానికి పబిత్రకి ఇదే ఆఖరు ఏడు. ఏడాదంతా ఆ పిల్ల ఐసు ముట్టలేదు, చింతకాయ ముట్టలేదు.

సూర్యారావు గారు చెవులు రిక్కించారు. "సన్యాసిరావు మాస్టారూ, ఆ పిల్ల గూర్ఖా కూతురు కదయ్యా?"

"అవునండీ. మన దల్ బహదూర్ కూతురు."

"గూర్ఖాలంటే నేపాల్ కదా?"

"ఆ పిల్ల ఈ ఊరి ఆస్పత్రిలోనే పుట్టిందండీ. నేపాల్ని మ్యాపులో తప్ప చూడలేదు."

"ఒర్నాయనో! ఇంట్లో పెట్టుకుని ఊరంతా ఎతికీసినాను!" అని ఆయన లేచి నిలబడి, కిటికీలోంచి ఆ పిల్లకి నమస్కారం పెట్టినంత పని చేశారు.

పబిత్రని పిలిపించారు. కుర్చీ వేసి కూర్చోమన్నారు. మా బడి చరిత్రలో విద్యార్థికి ఆ గదిలో కుర్చీ వెయ్యడం అదే మొదలు. ఏదో పెద్ద తప్పే చేశాననుకుని ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది.

"అమ్మా, నీ సంస్కృతి ఏమిటి?" అన్నారు సూర్యారావు గారు, శిక్షణలో నేర్చుకున్న మెత్తటి గొంతుతో.

"అదేటి సార్? మాకింకా సెప్పనేదు" అంది పబిత్ర.

వారం తిరక్కుండా సుధీంద్ర గారు స్వయంగా దిగారు. ఏం తింటావమ్మా అని అడిగారు. గంటి అంబలి, ఉలవచారు, ఎండుచేపలుంటే ఇంకా మంచిదని చెప్పింది. పండగలేమిటన్నారు. గ్రామదేవత సంబరం పేరు చెప్పి, అందులో తను అమ్మవారి ఘటం నెత్తిన ఎత్తుతానని చెప్పింది. కల ఏ భాషలో వస్తుందన్నారు. "కలల్లో నానెక్కువ మాటాడను సార్, ఎవలో తరుముతుంటారు, పరిగెడుతుంటాను" అంది.

సుధీంద్ర గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "సంపూర్ణ సాంస్కృతిక క్షీణత. బాలికలో బాలిక సంస్కృతి లేశమాత్రమూ మిగలలేదు. ఇది ఎవరి కృత్యం?"

అందరూ నా వంక చూశారు. ఆ గదిలో తెలుగు మాస్టారుని నేనొక్కణ్ణే.

పరిరక్షణ ఆ క్షణం నుంచే మొదలైంది. పబిత్రకి తెలుగు పద్యాలు నేర్పడం 'ఆధిపత్య సంస్కృతిని రుద్దుట' కింద వస్తుంది గనుక నేను ఆపెయ్యాలి. పద్యాల పోటీకి పంపిన పేరు వెనక్కి తీసుకోవాలి. స్థానిక సంస్కృతి పోటీలో వైవిధ్య విద్యార్థిని నిలబెట్టడం సున్నితత్వ నిబంధనలకు విరుద్ధమట.

"అంటే నాను పాడకూడదేటి?" అంది పబిత్ర.

"నీ మంచి కోసమేనమ్మా" అన్నారు సూర్యారావు గారు.

"నా మంచి నాకు తెల్దేటి సార్?"

ఆ పిల్ల ఏడవలేదు. బయటికి వెళ్ళి గ్రౌండులో ఉన్న రాయిని కాలితో తన్నుకుంటూ గేటుదాకా తీసుకుపోయింది. ఏడాదిపాటు చింతకాయ మానుకున్న పిల్ల అది. పదో తరగతిలో ఉన్న ఏ పిల్లనైనా అడగండి, చింతకాయ మానడమంటే ఏమిటో చెబుతుంది.

మర్నాటి నుంచి మా బడి ఆ పిల్లని గౌరవించడంలో మునిగిపోయింది. మధ్యాహ్న భోజనంలో అందరికీ సాంబారన్నం, పబిత్రకి నూడుల్సు. నేపాల్ వాళ్ళు ఏం తింటారో తెలియక, కొండల మీద ఉంటారు గనుక ఇలాంటిదేదో తింటారని సూర్యారావు గారే నిర్ణయించారు. పబిత్ర వాటిని పక్కవాళ్ళకిచ్చి సాంబారు పోయించుకునేది. అది తెలిసి, ఎవరూ మార్చుకోకుండా ఒక టీచరుని కాపలా పెట్టారు. నెత్తిమీదికి ఒక టోపీ తెప్పించారు. అది మగవాళ్ళ టోపీ అని దల్ బహదూర్ చెప్పేసరికి ఫొటోలు కూడా పంపడం అయిపోయింది.

నేపాలీలో పలకరించడం నేర్పడానికి ఒక మధ్యాహ్నం బడికి సెలవిచ్చి మాకు ఆన్‌లైన్ శిక్షణ పెట్టారు. నేపాల్ చరిత్ర, భూగోళం, పలకరింపుల వెనకున్న తాత్వికత అన్నీ అయ్యాక సాయంత్రం ఆ పలకరింపు బయటపెట్టారు. 'నమస్తే' అట. అందరం చేతులు జోడించి సాధన చేశాం. డ్రిల్లు మాస్టారుకి బాగా వచ్చిందని మెచ్చుకున్నారు.

బంగార్రాజు గారు పబిత్ర లెక్కలు దిద్దడం మానేశారు. ఏడు ఎనిమిదులు యాభైనాలుగని వేస్తే దానికీ టిక్కు పెట్టారు. ఇదేమిటండీ అంటే, "వాళ్ళలో అంతేమోనండీ, మనకెందుకొచ్చిన గొడవ" అన్నారు. లెక్క తప్పు చేస్తే చెవి మెలిపెట్టే మనిషి ఆయన. పబిత్ర ఆయన దగ్గరికి పోయి, "సార్, తప్పయితే తిట్టండి, అందర్నీ తిడతన్నారు కదా" అని బతిమాలుకుంది. ఆయన చేతులు జోడించి నమస్తే అన్నారు.

ఈలోగా చుట్టుపక్కల బళ్ళకి మా అదృష్టం పొక్కింది. వైవిధ్యం లేని హెడ్మాస్టర్లంతా సూర్యారావు గారి చుట్టూ చేరారు. పబిత్రని గురువారాలు డెప్యుటేషన్ మీద పంపమని ఒకాయన, తమ బడిలో తనిఖీ రోజు మాత్రం పంపితే చాలని మరొకాయన. సూర్యారావు గారు కన్యాదాతలా కుర్చీలో వెనక్కి వాలి, "సూద్దామండీ, పిల్లకి నలతగా ఉంది" అనేవారు. మా పిల్లల్లో కూడా నూడుల్సు మీద మోజు పుట్టి, తమలో ఉన్న వైవిధ్యం బయటపెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళ తాత బరంపురం వాడని ఒకడు, మేనత్తని ఖరగ్‌పూర్ రైల్వే వాళ్ళకిచ్చారని ఒకడు అర్జీలు పెట్టుకున్నారు.

అసలు చిక్కు ఉత్సవం దగ్గర వచ్చింది. తుది తనిఖీ రోజున వైవిధ్యోత్సవం జరగాలి, అందులో వైవిధ్య విద్యార్థి తన సొంత సంస్కృతికి చెందిన పాట ఒకటి పాడాలి. పాట బాగుంటే బోర్డు వచ్చినట్టే. నేర్పడానికి దల్ బహదూర్ని పిలిపించారు. రాత్రంతా ఈల వేసుకుంటూ ఊరు కాసి, పగలు నిద్రపోయే మనిషి. కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"మీ దేశపు పాట ఏదైనా బిడ్డకు నేర్పవలెను" అన్నారు సూర్యారావు గారు.

"నాకు పాట నేదు సాబ్" అన్నాడతను. "సిన్నప్పుడే ఇల్లు ఒగ్గీసి వచ్చీసినాను. ఈ ఊర్లో డ్యూటీలో ఉండి నాటకాలు సూసినాను. తెల్లార్లూ పద్యాలు. అవే నేర్సుకున్నాను. ఇది పుట్టినాక ఉయ్యాల ఊపి అవే పాడినాను. అవి పాడితేనే నిద్రపోయేది సాబ్."

"అవి పనికిరావు" అన్నారు సూర్యారావు గారు, నిజంగానే బాధపడుతూ. తన ఫోనులో వెతికి ఏదో కొండ పాట పట్టి పబిత్రకి వినిపించారు. ఆ పిల్ల రెండుసార్లు విని, బాగుంది గాని నాకు రాదంది.

ఉత్సవం రోజు ఊరంతా వచ్చింది. గ్రౌండులో షామియానా వేశారు. సుధీంద్ర గారు ముందు వరసలో, ఒళ్ళో మార్గదర్శకాల పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. వేదిక పక్కన టోపీ పెట్టుకుని నిలబడ్డ పబిత్ర నన్ను పిలిచింది.

"సార్, నా సొంతదే పాడమన్నారు కదా?"

"అవునమ్మా."

"అయితే నా సొంతదే పాడతాను."

వేదికెక్కింది. టోపీ తీసి మైకు కర్రకి తగిలించింది. చెవిదగ్గర చెయ్యి పెట్టుకుంది. నాకు అర్థమైపోయింది. ఆపమని కళ్ళతో సైగ చెయ్యాలి నేను. చెయ్యలేదు.

పద్యం అందుకుంది. యుద్ధం వద్దని చెప్పి విసిగిపోయినవాడు ఆఖరిసారి హెచ్చరించే పద్యం. ఒక్కో పాదం దగ్గర రాగం ఎత్తి, దింపి, మళ్ళీ ఎత్తి, అందరూ ఇక గుక్క తిప్పుకుంటుందనుకున్న చోట తిప్పుకోకుండా పైకి పోయింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. షామియానా వెనకనుంచి ముసలివాళ్ళు "ఒన్స్ మోర్!" అని అరిచారు. పబిత్ర రెండోసారి అడిగించుకోలేదు, మళ్ళీ పాడింది.

చప్పట్లు ఆగాక సుధీంద్ర గారు లేచారు. "ఇందులో కొన్ని పదములు తెలుగువలె వినిపించుచున్నవి" అన్నారు.

సూర్యారావు గారి మొహం సున్నం కొట్టినట్టయింది. బోర్డు పోయింది, మళ్ళీ దారపు ఉండ, మళ్ళీ పాత్రాభినయం అన్నీ ఆయనకి కళ్ళముందు కదిలి ఉంటాయి.

"అమ్మాయీ, ఇది నీదేనా?" అన్నారు సుధీంద్ర గారు.

"నాదే సార్."

"నీది ఎట్లగును?"

"మరెవలిది? నన్ను ఉయ్యాల్లో పండేసినప్పట్నుంచి మా నాన్న ఇదే పాడినాడు. ఆయన నాకిచ్చింది ఇదొక్కటే. నాది కాదంటే నాకింకేటుంది సార్?"

సుధీంద్ర గారు పుస్తకం తిరగేశారు. వైవిధ్య విద్యార్థి స్వయంగా తనదని ప్రకటించిన దానిని ప్రశ్నించుట తీవ్రమైన సున్నితత్వ లోపమని అందులో ఉంది. రాసింది ఆయనే. పుస్తకం మూసి కలం తీశారు. 'తండ్రి నుంచి బిడ్డకు మౌఖికముగా సంక్రమించిన అపురూప హిమాలయ గాన సంపద. ఆధిపత్య భాష దీనిలోకి కూడా చొరబడినది, శోచనీయము' అని రాసుకున్నారు. బోర్డు మాకే వచ్చింది. సూర్యారావు గారు దాన్ని కారే గోడకే తగిలించారు.

అక్కడితో ఆగితే సర్కారెందుకవుతుంది? నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. రాగయుక్త పద్యగానము నేపాలీ సముదాయపు వారసత్వ సంపదగా నమోదైనది గనుక, జిల్లాలో ఇతర విద్యార్థులెవరూ దానిని పాడరాదు. పాడినచో సాంస్కృతిక చౌర్యముగా పరిగణింపబడును. జిల్లా పద్యాల పోటీ యథావిధిగా జరుగును. సంబంధిత సముదాయపు విద్యార్థులే పాల్గొనవలెను. ఇతరులు పాల్గొనదలచినచో సదరు సముదాయపు అనుమతి పొందవలెను.

జిల్లా బళ్ళన్నిటిలోనూ సదరు సముదాయం పబిత్ర ఒక్కతే.

"ఫస్టు ప్రైజు మనదేనయ్యా, పాడకపోయినా మనదే!" అని సూర్యారావు గారు మిఠాయి పంచారు. పబిత్ర మిఠాయి తీసుకోలేదు.

"ఒక్కదాన్నే పాడితే పోటీ ఏటి సార్?" అంది నాతో. "ఢిల్లేశ్వర్రావు రాడేటి?"

"నువ్వు రమ్మంటే వస్తాడు."

పోటీ రోజు ఆ హాలు చూడాలి. వేదిక పక్కన బల్ల వేసి, దాని వెనక కుర్చీలో పబిత్రని కూర్చోబెట్టారు. పక్కన సుధీంద్ర గారు. ముత్తాతల నాటినుంచి నాటకాలు వేసిన ఇళ్ళ పిల్లలు, అష్టావధానుల మనవలు, పురోహితుల పిల్లలు, అందరూ బల్లముందు వరసగా నిలబడి, తెలుగు పద్యం పాడుకోవడానికి గూర్ఖా కూతురి అనుమతి కోసం ఎదురు చూస్తున్నారు.

"సముదాయము తరఫున అనుమతించుచున్నారా?" అని సుధీంద్ర గారు ఒక్కొక్కరి గురించీ పబిత్రని అడుగుతున్నారు.

"ఇచ్చీసినాను, ఇచ్చీసినాను. బేగి పాడమనండి. నువ్వెల్లు. నువ్వూ ఎల్లు."

ఢిల్లేశ్వర్రావు వంతు వచ్చింది. మీసం మొలుస్తున్న కుర్రాడు, మొహం గంటుపెట్టుకుని నిలబడ్డాడు. సూర్యారావు గారు వెనకనుంచి వంగి, "ఆడికియ్యకమ్మా, నీ కాల్మొక్కుతాను, ఆడొక్కడికీ ఇయ్యకు" అని గుసగుసలాడారు.

పబిత్ర వాణ్ణి ఎగాదిగా చూసింది. "గొంతు బాగుందా? జలుబూ గట్రా ఏటీ నేదు కదా?"

"నేదు" అన్నాడు వాడు.

"తరవాత సాకులు సెప్పకూడదు మరి."

"నానేటి సాకులు సెప్పను."

"అయితే ఎల్లి పాడు."

వాడు పాడాడు. బాగా పాడాడు. పబిత్ర కూడా పాడింది, మా గ్రౌండులో పాడినంత బాగానే పాడింది. న్యాయనిర్ణేతలు చాలాసేపు తలలు దగ్గర పెట్టుకున్నారు. మొదటి బహుమతి గొర్లె ఢిల్లేశ్వర్రావు, రెండోది పబిత్ర.

సూర్యారావు గారు తల పట్టుకున్నారు. సుధీంద్ర గారు అంతకంటే కుంగిపోయారు. సొంత సంస్కృతిలోనే సముదాయం రెండో స్థానానికి దిగజారడం ఎన్నడూ ఎరగనిదట. ఈసారి న్యాయనిర్ణేతలకు శిక్షణ పెట్టాలని అక్కడికక్కడే రాసుకున్నారు.

తిరుగు బస్సులో పబిత్ర నా పక్కన కూర్చుని ఊరొచ్చేదాకా తిడుతూనే ఉంది. "మూడో పాదంలో ఆడు మధ్యలో గాలి పీల్సినాడు సార్! మీరు సూడనేదా? ఆ కుడిపక్క జడ్జీ కునుకు తీస్తన్నాడు. ఆలకేటి తెల్సు? గుడ్డోలు!" దారిలో చింతకాయలు కొనిపించుకుంది. నములుతూ తిట్టింది.

నాకు మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. జూలై నుంచి ఆ పిల్లని అందరూ గుర్తించారు, గౌరవించారు, పరిరక్షించారు. ఆవేళ మాత్రం ఒకడు ఎదురుగా నిలబడి, అందరు పిల్లల్నీ ఓడించినట్టే ఆ పిల్లనీ ఓడించాడు. ఓడిన పిల్ల ఎలా ఉండాలో అలాగే ఉంది, మొహం కందగడ్డలా చేసుకుని.

బస్సు దిగబోతూ అడిగింది. "సార్, కాలేజీలో కూడా పద్యాల పోటీలుంటాయా?"

"ఉంటాయి."

"ఢిల్లేశ్వర్రావు కూడా కాలేజీలో సేరతాడేటి?"

"చేరతాడనుకుంటా."

"సేరాలి మరి" అంది పళ్ళు కొరుకుతూ.